ఇంగ్లండ్ రాజుల చరిత్ర చదివితే లా కోర్సులో పనికొస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాడు. మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేస్తానంటున్నాడు. లాసెట్‌కు చదవమంటే ఇంగ్లండ్ రాజులకూ పార్లమెంటుకూ జరిగిన తగవుల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటున్నాడు. ఆ చదువు దేనికైనా పనికొస్తుందా? మాన్పించి గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మాన్పించకండి. అలాగని ఆ పుస్తకాలు లాసెట్‌లో మార్కులు తెచ్చిపెడతాయనీ అనుకోకండి. 120 మార్కుల పేపర్లో సగం జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ, వర్తమాన వ్యవహారాలకే పోతుంది. మిగతా 60 న్యాయవిద్యపై అభిరుచిని చూసే ప్రశ్నలు. సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్‌లోనైనా ప్రపంచ చరిత్ర 18వ శతాబ్దం నుంచే మొదలవుతుంది. ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ మధ్య అసలు పోరు అంతకు ముందే తేలిపోయింది. పరీక్షల వరకే చూస్తే మీ అనుమానం సబబే.

లా కాలేజీలో చేరాక మాత్రం సంగతి వేరు. రాజ్యాంగం పేపర్లో చాలామంది అధికరణాల నంబర్లు బట్టీపట్టి, పరీక్ష కాగానే మరిచిపోతారు. 265వ అధికరణం ఒక్క వాక్యమే: చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు. ఇంత చిన్న మాటకు అంత బలం ఎక్కడిదో మీ అబ్బాయికి ఈపాటికే తెలిసి ఉంటుంది.

ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ 1629 నుంచి పదకొండేళ్లు పార్లమెంటును పిలవకుండానే పాలించాడు. డబ్బు కావాలి, పార్లమెంటు లేనిదే కొత్త పన్ను రాదు. యుద్ధ సమయంలో సముద్రతీరం నుంచి వసూలు చేసే ఓడల పన్నును శాంతికాలంలోనే, సముద్రం ఛాయలు కూడా లేని జిల్లాల మీదా వేశాడు. జాన్ హాంప్డెన్ అనే భూస్వామి కట్టనన్నాడు. దావాకెక్కిన మొత్తం 20 షిల్లింగులే. 12 మంది న్యాయమూర్తులు విని, 1638లో ఏడుగురు రాజు పక్షాన, ఐదుగురు హాంప్డెన్ పక్షాన తీర్పు చెప్పారు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అనుకునే రోజుల్లో ఆ ఐదుగురు ఎదురు చెప్పడమే విశేషం. మూడేళ్లకు పార్లమెంటు ఆ పన్ను చెల్లదని చట్టం చేసింది. పార్లమెంటు మంజూరు లేనిదే రాజు డబ్బు వసూలు చేయరాదని 1689 హక్కుల బిల్లు తేల్చేసింది.

ఎంపీల ప్రత్యేక హక్కులను చెప్పే 105వ అధికరణం చదివేటప్పుడు 1642 జనవరి 4 గుర్తుకు రావాలి. ఐదుగురు సభ్యులను పట్టుకోవడానికి చార్లెస్ సాయుధులను వెంటబెట్టుకుని పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభకు వెళ్లి, స్పీకర్ కుర్చీలో కూర్చుని వాళ్లెక్కడ అని అడిగాడు. వాళ్లు అప్పటికే జారుకున్నారు. స్పీకర్ లెంథాల్ మోకాళ్ల మీద నిలబడి, సభ ఆజ్ఞ లేనిదే తనకు చూడటానికి కళ్లు గానీ పలకడానికి నాలుక గానీ లేవన్నాడు. మన ఎంపీల ప్రత్యేక హక్కులకు రాజ్యాంగం మొదట ఆ కామన్స్ సభ హక్కులనే కొలతగా పెట్టుకుంది. 1978 నాటి 44వ సవరణ ఆ ప్రస్తావనను తీసేసింది.

ఇవన్నీ పాతబడిన సంగతులు కావు. 2019లో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం పార్లమెంటు సమావేశాలను ఐదు వారాలు నిలిపివేయించినప్పుడు, అది చెల్లదని బ్రిటన్ సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తులతో ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తీర్పులో ఉదహరించిన కేసుల్లో 1610 నాటిది కూడా ఉంది.

ఒక్క జాగ్రత్త చెప్పండి. గైడ్లు 1215 నాటి హక్కుల పత్రం మాగ్నా కార్టాను ప్రజాస్వామ్యానికి పునాదిరాయి అని రాసి ఊరుకుంటాయి. జాన్ రాజు చేత ముద్ర వేయించిన ప్రభువులు ప్రధానంగా తమ భూముల కోసం, తమ మీద పడే వసూళ్ల కోసమే పోరాడారు. ఆ పత్రాన్ని కొన్ని వారాలకే పోప్ రద్దు చేశాడు. తర్వాతి రాజుల కాలంలో మళ్లీ మళ్లీ జారీ అయినందుకే అది నిలిచింది. ఇంత చిక్కుముడిని విప్పి రాయగలిగితే మీ వాడికి మూట్ కోర్టు (లా విద్యార్థులు కేసు వాదించే నమూనా కోర్టు) కష్టం కాదు.

మీరు ఆలోచించాల్సింది ఖర్చు గురించి. కొత్త న్యాయవాదికి మొదటి కొన్నేళ్లు సంపాదన అంతంతమాత్రం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలన్నా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. అంతవరకు అబ్బాయికి ఆసరాగా నిలబడగలరా అన్నది ఇంట్లో కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి.

లాసెట్ అయ్యేదాకా పగలు పాత ప్రశ్నపత్రాలు, రాత్రి ఒక గంట ఈ చరిత్ర చాలు. చదివిన ప్రతి ఘట్టం పక్కన మన రాజ్యాంగంలోని అధికరణం ఏదో రాసుకోమనండి. గ్రూప్-2కు డిగ్రీ ఉంటే సరిపోతుంది, ఎల్ఎల్‌బీ చదువుతూ కూడా రాయవచ్చు. ఏదో ఒకటే ఎంచుకోవాలని ఇప్పుడు పట్టుబట్టకండి.