వేడెక్కాక మొరాయించే పెట్రోల్ కారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ. 2012 మోడల్, మూడు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు వాడుతున్నాం. షెడ్డు లేనందున కారు రాత్రీ పగలూ ఆరుబయటే ఉంటుంది. ఉదయం సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది. ఎన్ఏడీ కూడలి దాకా వెళ్లి, పావుగంట ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోతే మాత్రం ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకోదు, పెట్రోల్ వాసన గుప్పుమంటుంది. సిగ్నళ్ల దగ్గర ఇంజన్ వణికి ఆగిపోతోంది. లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చిన బండి ఇప్పుడు 10 ఇస్తోంది. మెకానిక్ ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, పెట్రోల్ పంపు మార్చారు. తీసిన మూడు ప్లగ్గులకూ నల్లటి మసి పట్టి ఉంది. ఇప్పుడు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయం) మార్చాలంటున్నారు. చెక్ ఇంజన్ దీపం వెలగడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ కొనుగోళ్లు ఆపండి. మీరు రాసిన లక్షణాల్లోనే సగం రోగనిర్ధారణ ఉంది. ఇంజన్ ఆగిపోతే పెట్రోల్ అందడం లేదనుకోవడం సహజం, బహుశా అందుకే పంపు మార్చి ఉంటారు. కానీ వాసన, మసి, పడిపోయిన మైలేజి మూడూ కలిసి చెబుతున్నది పెట్రోల్ ఎక్కువవుతోందనే. బరువు లెక్కన ఒక వంతు పెట్రోల్ పూర్తిగా మండడానికి సుమారు 14.7 వంతుల గాలి కావాలి. ఆ పాళ్లు దాటి పెట్రోల్ వచ్చిపడితే అది మండక మసిగా మారుతుంది, ఇంకా ఎక్కువైతే ప్లగ్గును తడిపి నిప్పురవ్వనే రానివ్వదు.

మూడు ప్లగ్గులూ ఒకేలా నల్లబడడం మంచి ఆధారం. ఒక ఇంజెక్టర్ కారుతుంటే ఆ సిలిండర్ ప్లగ్గు మాత్రమే నల్లబడి మిగతావి శుభ్రంగా ఉంటాయి. మూడు ఇంజెక్టర్లూ ఒకేసారి ఒకే మోతాదులో చెడిపోవడం అరుదు కాబట్టి, కారణం మూడింటికీ ఉమ్మడిగా ఉండే చోట వెతకాలి. ఈసీయంకు అందే సమాచారం, ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం (రైలు)లోని ఒత్తిడి, లోపలికి పోయే గాలి అనే మూడింటిలో గాలి సంగతి ఫిల్టర్ మార్చడంతో తేలిపోయింది.

అసలు కీలకమైన మాట, ఉదయం బండి సులువుగా స్టార్ట్ అవుతుందన్నది. చల్లని ఇంజన్‌కు పెట్రోల్ ఎక్కువే కావాలి. పాత కార్లలో మనం చోక్ లాగి ఇచ్చిన ఆ అదనపు పెట్రోల్‌ను ఇప్పటి కార్లలో, ఇంజన్‌ను చల్లబరిచే నీటి (కూలెంట్) వేడిని కొలిచే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీయం ఇస్తుంది. ఇంజన్ వేడెక్కినా ఆ సెన్సర్ ఇంకా చల్లగానే ఉందని చెబుతుంటే, ఈసీయం లాగిన చోక్ మళ్లీ నొక్కకుండా బండి నడిపినట్టు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. అప్పుడు ఉదయం అవసరమైన పెట్రోలే మధ్యాహ్నం ఇంజన్‌ను ముంచుతుంది. పైగా ఇంజన్ చల్లగా ఉందన్న భ్రమలో ఉన్నంతవరకు ఈసీయం, పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మాటను లెక్కలోకి తీసుకోదు కాబట్టి, మైలేజి తగ్గిందని ఎవరైనా ఆ సెన్సర్ మార్చినా మీకు ఒరిగేదేమీ ఉండదు.

ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. సాధారణంగా 20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలోఓములు ఉండేది, 80 డిగ్రీల దగ్గర 0.3 కిలోఓములకు దిగుతుంది. ఇక మీ ఇల్లు సముద్రానికి ఎంత దగ్గరో ఆలోచించండి. ఉప్పుగాలికి సెన్సర్ కనెక్టర్ లోపలి పిన్నులకు పచ్చటి చిలుము పట్టి, 1.5 కిలోఓముల అదనపు నిరోధం చేరిందనుకుందాం. ఉదయం 27 డిగ్రీల దగ్గర సెన్సర్ నిరోధమే రెండు కిలోఓములకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఈసీయంకు ఇంజన్ ఓ పదిహేను డిగ్రీలు ఎక్కువ చల్లగా కనిపిస్తుందంతే, దాంతో స్టార్టింగ్‌కు ఇబ్బంది రాదు. ఇంజన్ 80 డిగ్రీలకు చేరాక మాత్రం 0.3కు 1.5 కలిసి 1.8 అవుతుంది, అంటే ఈసీయం లెక్కలో ఇంజన్ ఇంకా 30 డిగ్రీలు కూడా దాటలేదు. చెడిపోయింది ఒక్క కనెక్టరే అయినా లక్షణం వేడిలోనే బయటపడడానికి కారణం ఇదే. ఆ అంకె సాధ్యమైన పరిధిలోనే ఉంది కనుక చెక్ ఇంజన్ దీపం వెలగకపోవచ్చు. అసలు తాళం తిప్పగానే ఆ దీపం ఒకసారి వెలిగి ఆరుతోందో లేదో కూడా చూసుకోండి, ఎందుకంటే కారు చేతులు మారేటప్పుడు దాని బల్బు మాయం కావడం కొత్తేమీ కాదు.

పరీక్ష ఇలా చేయించండి. రాత్రంతా ఆగి ఉన్న కారుకు ఉదయం స్టార్ట్ చేయకముందే ఈసీయం లెక్కలు చూపే స్కానర్ పెట్టి, కూలెంట్ ఉష్ణోగ్రతనూ లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతనూ చూడాలి. రెండూ ఇంచుమించు ఒకటిగా, ఆ ఉదయపు వాతావరణానికి దగ్గరగా ఉండాలి. తర్వాత ఇరవై నిమిషాలు నడిపాక రేడియేటర్ పైగొట్టం చేయి పెట్టలేనంత కాలుతుండగా స్కానర్ 30, 40 అని చూపిస్తే దొంగ దొరికినట్టే. అప్పుడు ఇంజన్ ఆపి, సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, ఎలక్ట్రానిక్స్ దుకాణంలో చిల్లర డబ్బులకు దొరికే 330 ఓముల రెసిస్టర్‌ను వైర్ల వైపు పిన్నుల మధ్య పెట్టి చూడమనండి. స్కానర్ 80 డిగ్రీల చుట్టుపక్కల చూపిస్తే వైరింగ్ బాగున్నట్టు, తప్పు సెన్సర్‌ది లేదా సెన్సర్ వైపు పిన్నులది. అప్పుడూ చల్లగానే చూపిస్తే తప్పు కనెక్టర్‌లోనో వైరులోనో ఉంది. ఆ రెసిస్టర్‌తో బండి నడపకూడదు. చాలా కార్లలో ఫ్యాన్ ఆ సెన్సర్ లెక్క ప్రకారమే తిరుగుతుంది కనుక ఇంజన్ ఉడికిపోతుంది.

ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్, అంటే థర్మోస్టాట్ ఉందా అని కూడా మెకానిక్‌ను అడగండి. మన ఎండలకు అది అక్కర్లేదంటూ రేడియేటర్ పని చేసినప్పుడు తీసి పారేసే అలవాటు ఇంకా పోలేదు. అది లేని ఇంజన్ హైవే మీద నిజంగానే వేడెక్కదు, అప్పుడు సెన్సర్ నిజం చెప్పినా పెట్రోల్ వృథా అవుతుంది.

ఉష్ణోగ్రత సరిగానే ఉందని తేలితే రెండో అనుమానం ఒత్తిడి మీద. మీ కారుకు పెట్రోల్ ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ ఇంజన్ దగ్గరే ఉంటే దాని సన్నని వాక్యూమ్ గొట్టం ఊడదీసి చూడండి. అందులో పెట్రోల్ తడి కనిపిస్తే లోపలి పొర చిరిగినట్టే. రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉండే కార్లలో గేజి పెట్టి కొలవక తప్పదు, కొత్తగా వేసిన పంపు సరైనదేనా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం (మానిఫోల్డ్) లోపలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్‌కు రబ్బరు గొట్టం ఉంటే అది చిట్లలేదని చూసుకోవాలి. అది ఊడిపోతే, ఇంజన్ మీద పూర్తి భారం పడిందనుకుని ఈసీయం పెట్రోల్ కుమ్మరిస్తుంది.

ఈలోగా బండి మొరాయిస్తే యాక్సిలరేటర్ పూర్తిగా నేలకు తొక్కిపట్టి ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. చాలా కార్లలో అలా చేస్తే ఈసీయం పెట్రోల్ ఆపి, లోపలి తడిని ఆరనిస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినట్టు కనిపించినా మరమ్మతు అయిన రోజే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి, లేకపోతే పలుచబడిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది. ఇదే స్థితిలో నెలల తరబడి నడిపితే మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాని లోపలి జాలీని కరిగిస్తుంది. సెన్సర్, కనెక్టర్ కలిపినా ఆ ఖర్చులో పిసరంత.

ప్రశ్న: భీమిలిలో ఉంటున్నాను. నా పాత కార్బ్యురేటర్ కారులో ఇంజన్ ఆపాక కూడా కార్బ్యురేటర్ అంచుల నుంచి పెట్రోల్ చుక్కలు పడుతున్నాయి. గంట ఆగితే గానీ మళ్లీ స్టార్ట్ కాదు. గాలి-పెట్రోల్ మిశ్రమం స్క్రూ ఎంత బిగించినా మైలేజి పెరగలేదు.

జవాబు: ఆ స్క్రూ ఐడ్లింగ్ మిశ్రమాన్ని సరిచేసేది మాత్రమే, పొంగే పెట్రోల్‌ను ఆపలేదు. మీ కారులో కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే గదికి (అందులో తేలే ఫ్లోట్ పైకి లేచినప్పుడు) పెట్రోల్ దారి మూసే నీడిల్ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. దాని మొనకు గాడి పడి ఉండవచ్చు, నలుసు అడ్డుపడి ఉండవచ్చు, లేదా ఫ్లోట్‌లోకే పెట్రోల్ చేరి అది మునిగిపోతూ ఉండవచ్చు. పైకప్పు విప్పించి, ఫ్లోట్ తీసి చెవి దగ్గర ఊపి చూడండి. లోపల గలగలమంటే అతుకు వేయించకుండా మార్చేయండి. నీడిల్‌ను దాని సీటుతో కలిపే మార్చి, ఫ్లోట్ మట్టాన్ని మీ మోడల్ పుస్తకంలో ఇచ్చిన కొలతకు సరిచేయాలి. ఈ కొలత కంటిచూపుతో తేల్చే మెకానిక్‌లంటే నాకు నమ్మకం తక్కువ, ఎందుకంటే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకే బండి పెట్రోల్ తాగడం మొదలుపెడుతుంది. చోక్ నొక్కాక దాని పలక పూర్తిగా తెరుచుకుంటోందో లేదో ఎయిర్ ఫిల్టర్ మూత తీసి కళ్లతో చూడండి, ఎందుకంటే సముద్రపు గాలికి చోక్ కేబుల్ తుప్పుపట్టి సగంలో ఆగిపోవడం మన తీరంలో మామూలే. మరమ్మతు తర్వాత ఎప్పుడైనా ఇంజన్‌లో పెట్రోల్ ఎక్కువై ఫ్లడ్ అయితే యాక్సిలరేటర్‌ను పదే పదే తొక్కకండి, ప్రతి తొక్కుడుకూ యాక్సిలరేటర్ పంపు మరికాస్త పెట్రోల్ చిమ్ముతుంది. ఒకసారి పూర్తిగా తొక్కిపట్టి ఉంచి సెల్ఫ్ కొట్టండి.

చుక్కలు పడేది వేడి ఇంజన్ మీద. మరమ్మతు అయ్యేదాకా బండి తీయకండి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అసలే ఉంచకండి.

ప్రశ్న: గాజువాక నుంచి రాస్తున్నాను. మైలేజి 15 నుంచి 9కి పడిపోయింది, ఇంజన్ ఫ్లడ్ అవుతోంది. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోల్ వల్లేనని అందరూ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోల్ కంటే సుమారు మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి, 20 శాతం కలిపితే శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. మీకు తగ్గినది 40 శాతం. పైగా ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండడం వల్ల మిశ్రమం పలుచబడుతుందే తప్ప చిక్కబడదు. దాన్ని అనుమానించాల్సింది ఒక్క విషయంలోనే: దానికి తట్టుకునేలా తయారుకాని పాత బండ్లలో రబ్బరు గొట్టాలు ఉబ్బి పొట్టు రాలడం, ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కదిలి రావడం. ఆ నలుసే నీడిల్ వాల్వ్‌లోనో ఇంజెక్టర్‌లోనో చిక్కుకుంటే అది మూసుకోక పెట్రోల్ కారుతుంది. మీ పెట్రోల్ ఫిల్టర్ కోసి చూడండి. నల్లటి రబ్బరు పొట్టు కనిపిస్తే గొట్టాలన్నీ మార్పించి, ట్యాంకు కడిగించాకే ఇంజెక్టర్ల జోలికి వెళ్లండి. ఫిల్టర్ శుభ్రంగా ఉంటే పైన మొదటి జవాబులో చెప్పిన స్కానర్ పరీక్షతో మొదలుపెట్టండి.