హార్వర్డ్‌కు ఎంత ర్యాంకు కావాలన్నా?

"అన్నా, ఎంసెట్‌ల ఇన్ని మార్కులకు ఇంత ర్యాంకని తెలుస్తది. మరి హార్వర్డ్, ఎంఐటీలకు ఎస్ఏటీల ఎంత రావాలె?" మిర్యాలగూడ నుంచి డాలస్ వచ్చి ఏడాదైన ఒక తమ్ముడి ప్రశ్న. కూతురు పదో తరగతి.

తమ్ముడూ, అట్లాంటి కటాఫ్ ఇక్కడ లేదు. 1600కి 1550 తెచ్చుకున్న పిల్లలు కూడా ఖాళీ చేతులతో తిరిగొస్తారు. హార్వర్డ్‌కు అప్లై చేసిన నూరు మందిలో సీటొచ్చేది ఓ నలుగురికి. అలాగని ఎస్ఏటీ పరీక్ష వదిలేయొద్దు. కోవిడ్ రోజుల్లో రాయకపోయినా ఫర్వాలేదన్న ఎంఐటీ 2022లో, హార్వర్డ్ 2024లో మళ్లీ తప్పనిసరి చేశాయి.

తర్వాత మీ పాప స్కూల్లో ఏ కోర్సులున్నాయి, వాటిలో కష్టమైనవి తీసుకుందా అని చూస్తారు. అక్కడ కాలేజీ స్థాయి కోర్సులు, అంటే ఏపీలు, ఆరే ఉంటే ఆ ఆరింటితోనే కొలుస్తారు, పక్క ఊరి స్కూల్లో ఇరవై ఉన్నాయని మార్కులు కొయ్యరు.

చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే కామన్ యాప్‌లో చదువు కాక చేసిన పనులకు పది గళ్లుంటాయి, ఒక్కోదాని వివరానికి 150 అక్షరాలు. మనవాళ్లు పదీ నింపాలని కరాటే బెల్టు, డబ్బు కట్టి తెచ్చుకున్న సేవా సర్టిఫికెట్, దొరికిందల్లా కుక్కుతారు. తమ్ముణ్ని బడి నుంచి తెచ్చి అన్నం పెట్టడం, గ్రాసరీ షాపులో నిలబడి పనిచేయడం కూడా అందులో రాయొచ్చని చాలామందికి తెలియదు.

మా పెద్దమ్మాయి సంగతి చెప్తా. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ పక్క పల్లె. మా నాన్న మెడ తిరగదు, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూస్తాడు. బోరునీళ్ల ఫ్లోరైడ్ చేసిన పని, మనోళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సెలవుల్లో అది చూసొచ్చిన పిల్ల తన కెమిస్ట్రీ టీచర్ని అడిగితే, ఆమె వెతికి 'నల్గొండ టెక్నిక్' అని ఒకటుందని చెప్పింది. మన ఊరి పేరు అమెరికా టీచర్ నోట! నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు 1970లలో తయారుచేసిన పద్ధతి. నీళ్లలో పటిక, సున్నం కలిపి తిప్పి తేరనిస్తే, ఫ్లోరైడ్ కొంత మడ్డితో అడుక్కు దిగుతుంది. ఆ జిల్లాలో పుట్టిన నాకే తెలియదు. స్కూల్ ల్యాబులో ఫ్లోరైడ్ కలిపిన నీళ్లతో పిల్ల ఏడాది కుస్తీ పట్టింది. పటిక తగ్గిస్తే ఫ్లోరైడ్ దిగదు, పెంచితే ఇంకో తలనొప్పి. నోటుబుక్కు నిండా కొట్టివేతలే.

ఇక్కడే నేనో తప్పు చేశా. రెండు వేల డాలర్లు పోసి, అప్లికేషన్‌తో పంపాల్సిన వ్యాసాన్ని ఒక కన్సల్టెంట్ చేతిలో పెట్టా. ఆయన రాసిందాంట్లో మా పిల్ల నల్గొండ జిల్లాను ఉద్ధరించేసింది. తాత మెడ ఎక్కడా లేదు. పిల్ల ఏడ్చి, ఆ కాగితం పక్కన పడేసి, తాత మెడ గురించి, తనకు కుదరని లెక్కల గురించి 650 పదాల్లో మళ్లీ రాసుకుంది. కాలేజీలకు పంపిన సిఫార్సు ఉత్తరంలో ఆ కొట్టివేతల పుస్తకం గురించే రాశానని టీచర్ తర్వాత చెప్పింది. ఎనిమిది కాలేజీలకు పెడితే ఆరు కాదన్నాయి. వచ్చిన రెండింట్లో ఒకటి నువ్వు పేరు విన్నదే.

డబ్బు సంగతి ఇప్పుడే తెలుసుకో. నువ్వు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నావు కాబట్టి పాపకు ఫెడరల్ ప్రభుత్వ సాయం రాదు. చాలా ప్రైవేటు కాలేజీలు తనను విదేశీ విద్యార్థి కిందే లెక్కేసి, ఎంత సాయం అడుగుతోందో కూడా చూసి సీటిస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటి కొన్ని మాత్రం సీటిచ్చేటప్పుడు అది చూడవు. 21 నిండితే నీ వీసా మీద పాపకొచ్చిన హెచ్-4 పోతుందన్నదీ గుర్తుంచుకో.

టీచర్ల ఉత్తరాలు ఎక్కువగా పదకొండో తరగతి వాళ్లే ఇస్తారు, అంటే మీకు ఇంకో ఏడాది ఉంది. ఒక ఆదివారం పాపతో నాకు ఫోన్ చేయించు. స్పీకర్ పెట్టి నువ్వు పక్కన కూర్చోకు.