నాన్న మతిమరుపు... నాలుగేళ్ల కిందటి కోవిడ్ వల్లేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. రిటైర్డ్ టీచర్. 2021 మేలో కోవిడ్ వచ్చి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, ఐసీయూ దాకా వెళ్లలేదు. ఇంటికొచ్చాక రెండు మూడు నెలలు నీరసంగా ఉండి తేరుకున్నారు. ఏడాదిన్నరగా మతిమరుపు మొదలై పెరుగుతోంది. అడిగిందే అడుగుతున్నారు. పాలవాడికి నెల డబ్బులిచ్చి, మర్నాడు మళ్లీ ఇవ్వబోయారు. తనకేమీ లేదంటారు. టీవీ సౌండ్ బాగా పెంచుతున్నారు. షుగర్ 14 ఏళ్లుగా ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడతారు. బీపీ మాత్ర ఉంది. అరికాళ్ల మంటలకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 25 మి.గ్రా., దురదకు హైడ్రాక్సిజిన్ వేసుకుంటారు. కోవిడ్ వల్ల డిమెన్షియా వస్తుందని చదివి ఇంట్లో అందరం అదే అనుకుంటున్నాం. నిజమేనా? అప్పట్లో నాకూ వచ్చి ఇంట్లోనే తగ్గింది. నాకు 44. నాకూ ఆ ముప్పు ఉందా? ముందే తెలిసే రక్తపరీక్ష ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సలహా: కోవిడ్‌కూ డిమెన్షియాకూ (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) సంబంధం ఉందన్నది ఎవరో పుట్టించిన మాట కాదు. పెద్ద అధ్యయనాలే చెబుతున్నాయి. అలాగని మీ నాన్నగారి మతిమరుపును కోవిడ్ ఖాతాలో రాసేసి ఊరుకోవద్దు. మీరు రాసిన వివరాల్లోనే, సరిదిద్దుకోదగిన కారణాలు కనీసం నాలుగు కనిపిస్తున్నాయి. బి12 లోపం, మంటలకూ దురదకూ వేసుకునే ఆ రెండు మాత్రలు, షుగర్ పడిపోవడం, వినికిడి తగ్గడం. వీటిని తేల్చుకోకుండా కాలం గడిపితే నష్టం ఆయనకే.

ముందు పరిశోధనల సంగతి. అమెరికాలో 65 ఏళ్లు దాటిన 62 లక్షల మంది వైద్య రికార్డులతో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. ఏడాదిలోపు కొత్తగా అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) ఉన్నట్టు తేలినవారు కోవిడ్ రానివాళ్లలో 0.35 శాతం, వచ్చినవాళ్లలో 0.68 శాతం. రెట్టింపు అనగానే గుండె గుభేలుమంటుంది. వెయ్యి మంది లెక్కన చూడండి: మూడో నాలుగో ఉండాల్సిన కేసులు ఏడయ్యాయి. మిగతా 993 మందికి ఆ ఏడాదిలో ఆ జబ్బు బయటపడలేదు. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లాన్సెట్ సైకియాట్రీలో ప్రచురించిన అధ్యయనానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. వాళ్లు సుమారు 12.8 లక్షల మంది కోవిడ్ బాధితులను, వేరే శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు వచ్చిన అంతే మందితో పోల్చారు. ఆందోళన, కుంగుబాటు ముప్పు ఒకటి రెండు నెలల్లో మామూలు స్థాయికి వచ్చేసింది. 65 దాటినవాళ్లలో డిమెన్షియా ముప్పు మాత్రం రెండేళ్లయినా దిగిరాలేదు. కోవిడ్ వచ్చినవాళ్లలో దాదాపు 4.5 శాతం మందికి, మిగతావాళ్లలో 3.3 శాతం మందికి డిమెన్షియా ఉన్నట్టు తేలింది.

దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది. డెన్మార్క్ రికార్డులను పరిశీలిస్తే, పరీక్షలో నెగెటివ్ వచ్చినవాళ్లకన్నా పాజిటివ్ వచ్చినవాళ్లలో అల్జీమర్స్ ఎక్కువగానే కనిపించింది. ఇన్‌ఫ్లుయెంజా, బ్యాక్టీరియా న్యుమోనియా వచ్చినవాళ్లతో పోల్చేసరికి ఆ తేడా నిలవలేదు. అంటే ఇందులో కొంత ఈ వైరస్‌కే ప్రత్యేకమైనది కాకపోవచ్చు. పెద్ద వయసులో ఏ గట్టి ఇన్ఫెక్షన్ వచ్చినా మెదడు దెబ్బతినవచ్చు. పైగా ఆసుపత్రికి వెళ్లినవాళ్లకు పరీక్షలు ఎక్కువ జరుగుతాయి కాబట్టి, అప్పటిదాకా లోపలే ఉన్న జబ్బు బయటపడుతుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. అల్జీమర్స్‌లో మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం లక్షణాలు కనిపించడానికి 15–20 ఏళ్ల ముందే మొదలవుతుంది. కాబట్టి కోవిడ్ వచ్చిన ఏడాదిలోపే బయటపడ్డ అల్జీమర్స్ ఆ కోవిడ్‌తో పుట్టి ఉండదు. ఉన్నదాన్ని ముందుకు తోసి ఉండాలి, లేదా కప్పి ఉన్నదాన్ని బయటపెట్టి ఉండాలి.

అలా తోయగలదా అంటే, తోయగలదనడానికి ఆధారాలున్నాయి. బ్రిటన్‌లో వాలంటీర్ల ఆరోగ్య సమాచారం భద్రపరిచే యూకే బయోబ్యాంక్‌లో 51 నుంచి 81 ఏళ్ల వయసున్న 785 మందికి కోవిడ్‌కు ముందు, తర్వాత స్కానింగ్‌లు చేశారు. వారిలో 401 మందికి మధ్యలో ఇన్ఫెక్షన్ వచ్చింది, ఎక్కువమందికి స్వల్పంగానే. వాసనతో, జ్ఞాపకంతో సంబంధమున్న భాగాల్లో వాళ్ల మెదడు పొర మిగతావారికన్నా 0.2 నుంచి 2 శాతం అదనంగా తగ్గింది. 2025 జనవరిలో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన మరో అధ్యయనం అదే బయోబ్యాంక్ రక్త నమూనాలను చూసింది. కోవిడ్ తర్వాత అమిలాయిడ్ ప్రొటీన్ల నిష్పత్తిలో వచ్చిన మార్పు సుమారు నాలుగేళ్ల వయసు మీదపడితే వచ్చేంత ఉందని తేల్చింది. ఆసుపత్రిలో చేరినవాళ్లలో, బీపీ ఉన్నవాళ్లలో, పొగతాగినవాళ్లలో ఈ మార్పు ఎక్కువ. వైరస్ మెదడులో తిష్ఠవేస్తుందని దీనర్థం కాదు. ఒళ్లంతా రేగిన వాపు, సన్న రక్తనాళాల్లో గడ్డలు, రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న రక్షణ పొర లీకవడం, ఆక్సిజన్ తగ్గడం ప్రధాన కారణాలని అనుకుంటున్నారు.

ఇక మీ నాన్నగారి విషయం. కోవిడ్ తర్వాతి మెదడు మందగింపు (బ్రెయిన్ ఫాగ్) సాధారణంగా జబ్బు తగ్గిన వారాల్లోనే మొదలవుతుంది. తర్వాత అలాగే ఉంటుంది, లేదా నెమ్మదిగా తగ్గుతుంది. "ఏకాగ్రత కుదరట్లేదు, మాట తట్టట్లేదు" అని రోగే చెప్పుకుంటాడు. మీ నాన్నగారు మూడు నెలల్లో తేరుకున్నారు. మతిమరుపు రెండేళ్లు దాటాక మొదలై పెరుగుతోంది, దాన్ని ఆయన ఒప్పుకోవట్లేదు, ఇంట్లోవాళ్లు గుర్తిస్తున్నారు. ఇది మందగింపు లెక్కలోకి రాదు. కోవిడ్ ఓ చెయ్యి వేసి ఉండొచ్చు, కాదనను. మీరు చేయగలిగినదంతా మాత్రం వేరేచోట ఉంది.

మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బి12 తగ్గవచ్చు. బి12 తగ్గితే మతిమరుపు రావచ్చు, అరికాళ్ల మంటలూ రావచ్చు. షుగర్ ఉన్నాయన కాబట్టి మంటలు షుగర్ వల్లేనని అమిట్రిప్టిలిన్ రాసి ఉంటారు. ఈ మాత్ర మెదడులో జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. దురదకు వేసే హైడ్రాక్సిజిన్‌ది కూడా అదే పోకడ. అంటే లోపం అలాగే ఉండగా, మంట తగ్గించే మందు మతిమరుపును పెంచుతూ ఉండవచ్చు. వెంటనే బి12 పరీక్ష చేయించండి. పరీక్షకు ముందు విటమిన్ మాత్రలు మొదలుపెట్టకండి, ఫలితం తారుమారవుతుంది. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తక్కువుంటే లోపమే. 200–300 మధ్య ఉంటే హోమోసిస్టీన్ (బి12 తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) కూడా చూడాలి. లోపం తేలితే 1,000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు మొదట దగ్గర దగ్గరగా, తర్వాత నెలకొకటి చొప్పున ఇస్తారు. ఎంత ఆలస్యమైతే అంత తక్కువ కోలుకుంటారు.

అమిట్రిప్టిలిన్‌ను మీ అంతట మీరు ఆపేయకండి. డాక్టర్ సలహాతో 25 నుంచి 10కి తగ్గించి, రెండు వారాల తర్వాత మానేయవచ్చు. మంటలకు డులోక్సెటిన్ వంటివి ఉన్నాయి. ప్రిగాబాలిన్ కూడా పెద్దవాళ్లకు మత్తు, తూలుడు తెస్తుంది. దురదకు ముందు చర్మం పొడిబారిందేమో చూసి, స్నానం కాగానే కొబ్బరినూనె రాయించండి. మాత్ర తప్పదంటే ఫెక్సోఫెనడిన్ మత్తు దాదాపు ఉండనిది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, అదీ ఆయనకు వద్దు.

మరో ప్రమాదం గ్లిమెపిరైడ్. పాలవాడికి డబ్బులిచ్చిన సంగతి మరిచిన మనిషి, మాత్ర వేసుకున్న సంగతీ మరిచి రెండోది వేసుకోవచ్చు. లేదా మాత్ర వేసుకుని అన్నం తినడం మరవచ్చు. షుగర్ పదేపదే 70 కన్నా కిందికి పడితే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. మూడు నాలుగు రోజులు తెల్లవారుజాము 3 గంటలకు, మధ్యాహ్న భోజనానికి ముందు గ్లూకోమీటర్‌తో చూసి కాగితంపై రాయండి. ఇలాంటివారికి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 8 లోపు ఉంటే చాలు, 6.5 కోసం పట్టుబట్టకూడదు. ఏడు రోజుల అరల డబ్బా కొని మాత్రలు మీరే నింపండి. ఉదయం అర ఖాళీ అయిందో లేదో రోజూ ఎవరో ఒకరు చూడాలి.

వీటితో పాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్), సోడియం, క్యాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ), లివర్ పరీక్ష, రక్తకణాల లెక్క చేయించండి. బీపీ మాత్రలో క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటివి ఉంటే సోడియం పడిపోయే అవకాశం ఎక్కువ. న్యూరాలజిస్టు సలహాపై మెదడు ఎంఆర్ఐ ఒకసారి తీయించాలి. సాధారణంగా కాంట్రాస్ట్ అక్కర్లేదు. జ్ఞాపకానికి మూలమైన హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయిందా, చిన్న చిన్న పక్షవాతపు మచ్చలున్నాయా, పుర్రె కింద రక్తం పేరుకుందా అన్నవి అందులో తెలుస్తాయి. జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులోనే చేయమనండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రూపొందించిన పరీక్షల్లో తెలుగుకూ చోటుంది. 30 మార్కుల చిన్న పరీక్ష మీ నాన్నగారికి సరిపోదు. చదువుకున్నవాళ్లు, అందులోనూ జీవితమంతా పాఠాలు చెప్పినవాళ్లు, జబ్బు ఉన్నా దాన్ని దాటేస్తారు. 27 మార్కులు వచ్చాయని నిశ్చింతగా ఉండకుండా, వివరమైన పరీక్ష అడగండి.

టీవీ సౌండ్ పెంచుతున్నారన్నారు కదా, చెవి పరీక్ష వాయిదా వేయకండి. సరిగా వినపడని మాట గుర్తుండదు. 2023లో అమెరికాలో 70–84 ఏళ్లవారిపై జరిగిన పరీక్షలో, ముప్పు ఎక్కువున్న వర్గంలో వినికిడి యంత్రాలు మూడేళ్లలో మేధాశక్తి తరుగుదలను 48 శాతం నెమ్మదింపజేశాయి. అందరినీ కలిపి చూస్తే అంత తేడా రాలేదు. అయినా 'మెదడు టానిక్' పేరుతో అమ్మే సిటికోలిన్, పైరాసెటమ్, జింకో మీద నెలనెలా పెట్టే డబ్బు వినికిడి యంత్రానికి పెట్టడం మేలు.

ఇవన్నీ సరిచేశాక కూడా అల్జీమర్సేనని తేలితే డోనెపిజిల్ 5 మి.గ్రా.తో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత 10కి పెంచుతారు. ముందు ఈసీజీ తీయించాలి, నాడి మరీ నెమ్మదిస్తే ఇవ్వకూడదు. ఈ మందు ఎసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది, అమిట్రిప్టిలిన్ అదే రసాయనాన్ని అడ్డుకుంటుంది. రెండూ కలిపి మింగించడం వృథా. డాక్టర్లు వేరువేరు అయినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్లినా మాత్రల షీట్లన్నీ సంచిలో వేసి పట్టుకెళ్లండి.

మీ సంగతి. 44 ఏళ్ల వయసులో, ఇంట్లోనే తగ్గిన కోవిడ్ వల్ల డిమెన్షియా వస్తుందని భయపడనక్కర్లేదు. పైన చెప్పిన రక్త మార్పులన్నీ చాలామంది సగటులో కనిపించినవి. ఒక మనిషి భవిష్యత్తు వాటితో చెప్పలేం. అల్జీమర్స్‌ను పసిగట్టే పీ-టావ్ 217 వంటి కొత్త రక్తపరీక్షలు లక్షణాలున్నవారి కోసం వచ్చాయి, మీరు చేయించుకోవద్దు. బదులుగా పై బీపీ 130 దాటకుండా చూసుకోండి. షుగర్, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ చూపించుకోండి. వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడవండి. లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2024లో లెక్కగట్టిన ప్రకారం, ఇలాంటి 14 కారణాలను అదుపులో పెడితే 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యం.

నాన్నగారికి ఏటా ఫ్లూ టీకా, వేయించకపోయి ఉంటే న్యుమోనియా టీకా వేయించండి. ఆయనను మళ్లీ ఒక పెద్ద ఇన్ఫెక్షన్ బారిన పడనివ్వకపోవడం ముఖ్యం.

బ్యాంకు పనులు, ఫోన్‌లో డబ్బు పంపడం ఇకపై ఆయన పక్కన మీరు కూర్చుని చేయించండి. ఓటీపీ చెప్పించుకునే మోసగాళ్లకు ఇలాంటివారే దొరికిపోతారు. దగ్గర్లో సహాయం కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మీకు దిగులుగా ఉంటే టెలీమానస్ 14416, రెండూ తెలుగులో మాట్లాడతాయి.

ఒకటి రెండు రోజుల్లోనే ఆయన తీరు ఒక్కసారిగా మారితే, పగలు మగతగా ఉండి రాత్రి కలవరిస్తే, దాన్ని మతిమరుపు పెరిగిందని ఇంట్లో పెట్టుకోవద్దు. అది డెలీరియం, అంటే హఠాత్తుగా వచ్చే మెదడు గందరగోళం. మూత్రంలో ఇన్ఫెక్షన్, మూత్రం బిగుసుకుపోవడం, సోడియం లేదా షుగర్ పడిపోవడం సాధారణంగా దానికి కారణాలు. షుగర్ చూసి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. గత రెండు మూడు నెలల్లో బాత్రూంలో జారి తల తగిలిందేమో గుర్తుచేసుకుని డాక్టరుకు చెప్పండి. దెబ్బ చిన్నదే అయినా, పుర్రె కింద రక్తం నెమ్మదిగా చేరడానికి వారాలు పడుతుంది.