కాక్టస్ తెచ్చే ముందు కిటికీ చూసుకోండి

మీరు అడిగింది ఇది: నీళ్లు తక్కువ పోసినా బతికే మొక్కలు ఇంట్లో పెట్టుకోవాలనుంది. ఇంతకు ముందు ఒక చిన్న కాక్టస్ తెచ్చి టీవీ పక్కన పెట్టి, వారానికోసారి చెంచాడు నీళ్లు పోశారు. కొన్నాళ్లకు అది పైకి సన్నగా సాగింది. ఆ తర్వాత మొదలు మెత్తబడి ఒరిగిపోయింది. ఈసారి ఏ మొక్క తేవాలి, ఎలా చూసుకోవాలి?

ఆ మొక్క ఎందుకు పోయిందో మీ వర్ణనలోనే ఉంది. సన్నగా సాగిందంటే వెలుతురు చాలలేదు. మొదలు మెత్తబడిందంటే కుళ్లు పట్టింది. ఈ రెండూ వేర్వేరు కష్టాలు కావు. వెలుతురు తగ్గితే మొక్క పని నెమ్మదిస్తుంది, నీళ్లు తాగడం తగ్గుతుంది, మట్టి తొందరగా ఆరదు. తడి నిలిచిన మట్టిలో వేళ్లకు గాలి ఆడదు, అక్కడ శిలీంధ్రం చేరుతుంది. టీవీ పక్కన చీకటి మూలలో చెంచాడు నీళ్లు కూడా ఎక్కువే.

చాలా ఏళ్లుగా ఈ మొక్కలు పెంచుతున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను: నీటి ఎద్దడిని తట్టుకునే మొక్క నీడను కూడా తట్టుకుంటుందని అనుకోవద్దు. ఎడారిలో నీళ్లకే కరువు, ఎండకు కాదు. పైగా వీటి బతుకు తీరే వేరు. చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. కాక్టస్‌లు, కలబంద లాంటివి రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. పీల్చుకున్నదాన్ని ఆమ్లంగా దాచుకుని, పగలు రంధ్రాలు మూసి, వెలుతురు సాయంతో చక్కెరగా మార్చుకుంటాయి. దానివల్ల నీరు ఆవిరవడం బాగా తగ్గుతుంది. పెరుగుదల మాత్రం నిదానం. రాత్రి దాచుకున్నది వాడుకోవాలంటే పగలు వెలుతురు ఉండి తీరాలి.

అందుకే ముందు మొక్కను కాదు, చోటును చూడండి. ఎండ బాగా ఉన్న రోజు మిట్టమధ్యాహ్నం మీరు అనుకున్న చోట తెల్ల కాగితం పరచి, దానికి జానెడు ఎత్తులో చెయ్యి పెట్టండి. నీడ అంచులు కోసినట్టు కనిపిస్తే అక్కడ ఎండ మొక్కలు పెట్టొచ్చు, రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు ఆ ఎండ ఉంటే. చెయ్యి ఆకారం తెలుస్తూ అంచులు మసకగా ఉంటే అది ఓ మాదిరి వెలుతురు. నీడే సరిగ్గా పడకపోతే అక్కడ కాక్టస్ ఆశ వదులుకోండి. మన కంటికి గది అంతా వెలుతురుగానే ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ కిటికీ నుంచి రెండడుగులు లోపలికి జరిగితే చాలు, మొక్కకు అందేది బాగా పడిపోతుంది.

నేరుగా ఎండ పడే చోటు ఉంటే మమిలేరియా అనే కాక్టస్‌తో మొదలుపెట్టమంటాను. చిన్నగా గుండ్రంగా ఉంటుంది, పిలకలు పెడుతుంది, వయసొచ్చాక తల చుట్టూ వలయంలా చిన్న పూలు పూస్తుంది. గోల్డెన్ బారెల్, నాగజెముడు, అడీనియం కూడా ఎండలోనే బాగుంటాయి. మసక నీడ పడే చోటుకు హవర్తియా, గాస్టీరియా సరిపోతాయి. ఇవి సహజంగానే పొదల కింద, రాళ్ల సందుల్లో పెరిగేవి. జేడ్ మొక్కకు కొంచెం ఎండ తగిలితే మంచిది, లేకపోతే కొమ్మలు వేలాడతాయి. ఇక ఎండ పడని గదికి స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్. జెడ్‌జెడ్ మట్టిలో దుంపలు పెట్టుకుని వాటిలో నీళ్లు దాచుకుంటుంది. ఇవి రెండూ తక్కువ వెలుతురును భరిస్తాయంతే. కిటికీ దగ్గరకు జరిపితే కొత్త ఆకులు వేసే వేగమే మారిపోతుంది.

ఎరుపు, పసుపు, నారింజ రంగు బంతి తలమీద ఉండే మూన్ కాక్టస్ చూసి చాలామంది ముచ్చటపడతారు. నేను దాన్ని మొదటి మొక్కగా తెచ్చుకోమని చెప్పను. ఆ రంగు బంతిలో పత్రహరితం లేదు, సొంతంగా ఆహారం తయారు చేసుకోలేదు. కింద ఉన్న ఆకుపచ్చ కాడ, సాధారణంగా డ్రాగన్ ఫ్రూట్ జాతిది, దాన్ని పోషిస్తుంది. అంటుకట్టిన ఈ రెండూ ఒకే వేగంతో పెరగవు, అతుకు ఎప్పుడో ఒకప్పుడు వదులుతుంది. మామూలుగా కొన్నేళ్లకు మించి నిలవదు. అది పోయినప్పుడు తమ చెయ్యి మంచిది కాదేమోనని బాధపడేవాళ్లను చూశాను. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

కొనేటప్పుడు కుండీని కొద్దిగా కదిపి చూడండి. మొక్క ఊడబోయే పన్నులా ఊగుతుంటే వేళ్లు సరిగ్గా లేనట్టే. మొదలును పెన్సిల్ వెనక భాగంతో మెల్లగా నొక్కండి, గట్టిగా ఉండాలి. ముళ్ల సందుల్లో దూదిలాంటి తెల్లటి మచ్చలుంటే వదిలేయండి. అయితే కొన్ని మమిలేరియా జాతులకు పుట్టుకతోనే తెల్లటి నూగు ఉంటుంది. అది ఒంటిమీది మొటిమల్లాంటి బుడిపెలన్నిటి మధ్య ఒకే పద్ధతిగా కనిపిస్తుంది. పురుగైతే అక్కడక్కడా ముద్దగా ఉండి, పుల్లతో గీకితే జిగటగా వస్తుంది.

ఇంకొకటి. చిన్న కాక్టస్‌ల నెత్తిన కాగితంలా గరగరలాడే రంగు రంగుల పువ్వు ఉంటే దగ్గరికి తెచ్చుకుని కింద చూడండి. చాలావాటికి వేడి జిగురు బొట్టు కనిపిస్తుంది. అది ఎండబెట్టిన వేరే పువ్వు. గాలి తేమకు ముడుచుకుని, పొడిగా ఉన్నప్పుడు విచ్చుకుంటుంది కాబట్టి ప్రాణమున్న పువ్వే అని నమ్మేస్తాం. మొక్క పెరిగే మొన మీదే అంటించి ఉంటే ఎదుగుదల దెబ్బతింటుంది. లాగేస్తే చర్మం ఊడి మచ్చ పడుతుంది, అందుకే రేకులు మాత్రం కత్తిరించి జిగురును అలాగే వదిలేయడం మేలు. పెయింట్ వేసిన మొక్కలు, పైన గులకరాళ్లను జిగురుతో గట్టిగా అతికించిన కుండీలు వద్దు. రంగు వెలుతురును అడ్డుకుంటుంది, అతికిన రాళ్లు మట్టిని ఆరనివ్వవు.

విత్తనం నుంచి పెంచిన మొక్కనే తీసుకోండి. అడవిలోంచి పెకిలించిన కాక్టస్‌కు వేళ్లు తెగి ఉంటాయి, దెబ్బలు, మచ్చలు ఉంటాయి. 2015లో వెలువడిన ప్రపంచ స్థాయి అంచనాలో 1,478 కాక్టస్ జాతులను పరిశీలించగా 31 శాతం ముప్పులో ఉన్నాయని తేలింది. ఇంటింటా కనిపించే గోల్డెన్ బారెల్ కూడా తన సొంత నేల మెక్సికోలో అంతరించే ప్రమాదంలోనే ఉంది. నర్సరీల్లో విత్తనాలతో లక్షల్లో పెంచుతున్నారు కాబట్టి అడవి మొక్క అవసరం ఎవరికీ లేదు.

ఇక మట్టి. నా మొక్కల్లో వచ్చిన పెద్ద తేడా ఎరువుతో రాలేదు, మట్టి మార్చడంతో వచ్చింది. ఎడారి మొక్క కదా అని సన్నటి ఇసుక కలిపితే అది సందులన్నీ మూసేసి గట్టిపడుతుంది. కావాల్సింది 3 నుంచి 6 మిల్లీమీటర్ల గరుకు ముక్కలు. ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు), ముతక ఇసుక, జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు, ఏది దొరికితే అది. దుమ్ము పోయేలా కడిగి, ఆరబెట్టి, సగం పైగా ఇవే ఉండేలా మామూలు కుండీ మట్టితో కలపండి. హవర్తియా, జేడ్, స్నేక్ ప్లాంట్‌కు సగం సగం చాలు. నీళ్లు పోస్తే పైన నిలవకుండా వెంటనే లోపలికి పోవాలి. అదే పరీక్ష.

కుండీ అడుగున రాళ్ల పొర వేస్తే నీరు దిగిపోతుందని చాలామంది అంటారు. జరిగేది వేరు. సన్నటి మట్టిలోని నీరు అంత సులువుగా ముతక రాళ్లలోకి దిగదు, పొర పైనే ఆగుతుంది. అంటే తడి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. అడుగున చిల్లు ఉండాలి, పైనుంచి కిందిదాకా ఒకే మిశ్రమం ఉండాలి. చిల్లు లేని పింగాణీ పాత్ర నచ్చితే, చిల్లున్న కుండీని అందులో దించి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీయండి. మట్టి కుండీ తొందరగా ఆరుతుంది, ప్లాస్టిక్ ఆలస్యంగా. రెండూ పనికొస్తాయి. కుండీ మాత్రం మొక్కకంటే రెండు మూడు సెంటీమీటర్లే పెద్దదిగా ఉండాలి.

కొత్త మొక్కను తెచ్చాక కొద్ది రోజుల్లో కుండీ మార్చడం నా అలవాటు. నర్సరీ మొక్కలు చాలావరకు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ముద్దలో వస్తాయి. అది ఒకసారి పూర్తిగా ఎండిందంటే ముద్ద కుంచించుకుపోతుంది, పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. మీరు పోశాననుకుంటారు, వేరుకు చుక్క అందదు. మట్టి పొడిగా ఉన్నప్పుడే మొక్కను తీయండి. ముళ్ల మొక్కైతే న్యూస్‌పేపర్‌ను పట్టీలా మడిచి దాని నడుముకు చుట్టి పట్టుకుంటే చేతికి గుచ్చుకోదు. పాత ముద్దను వేళ్లతో నెమ్మదిగా రాల్చి, పొడి మిశ్రమంలో నాటి, వారం దాకా నీళ్లు పోయొద్దు. తెగిన వేళ్ల గాయాలు మానాలి.

నీళ్ల దగ్గర చెంచా లెక్క, వారం లెక్క రెండూ మానేయండి. చెంచాడు నీళ్లతో పై పొర తడుస్తుంది, కింది సన్న వేళ్లు ఎండి చస్తాయి. పోసినప్పుడు అడుగు నుంచి కారేదాకా పోయాలి. తర్వాత మట్టి పూర్తిగా ఎండేదాకా ఆగాలి. ఎండిందో లేదో వేలితో తెలియదు. సన్నటి వెదురు పుల్ల కుండీ అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. పుల్ల ముదురు రంగుకు తిరిగినా, చల్లగా తగిలినా ఇంకా ఆగాలి. కొన్నాళ్లకు కుండీని ఎత్తితే బరువును బట్టే తెలిసిపోతుంది. ఎండాకాలంలో మొక్క తొందరగా అడుగుతుంది, ముసురు పట్టిన రోజుల్లో అసలు అడగదు. చలి రోజుల్లో ఎడారి కాక్టస్‌లకు నీళ్లు దాదాపు ఆపేస్తే మంచిది. చాలా జాతులకు ఆ చల్లని, పొడి విశ్రాంతి తర్వాతే పూలొస్తాయి.

కాక్టస్ ఒంటిమీది మడతలు హార్మోనియం తిత్తిలా పనిచేస్తాయి. నీళ్లు తాగితే విచ్చుకుంటాయి, దాహమైతే దగ్గరపడతాయి. కాబట్టి కొద్దిగా ముడత పడితే కంగారొద్దు. అయితే ముడతకు రెండు కారణాలుంటాయి. మట్టి ఎండిపోయి ఉంటే అది దాహం, నీళ్లు పోస్తే కొద్ది రోజుల్లో నిండుతుంది. మట్టి తడిగా ఉండి కూడా ముడత పడితే వేళ్లు కుళ్లాయన్నమాట. అప్పుడు నీళ్లు పోస్తే ఇంకా ముంచినట్టే.

ఈ కుటుంబంలో ఒకటి మాత్రం వేరు. క్రిస్మస్ కాక్టస్ ఎడారిది కాదు. బ్రెజిల్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే మొక్క. దాన్ని నెలల తరబడి ఎండగట్టకూడదు. గట్టి ఎండ కూడా దానికి సరిపడదు.

కుళ్లు పట్టిన మొక్కను ఒక్కోసారి దక్కించుకోవచ్చు. గాలివానలో తడిసి నా పొడవాటి కాక్టస్ ఒకటి మొదలు దగ్గర గోధుమ రంగుకు తిరిగింది. పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, కుళ్లుకు పైన అడ్డంగా కోశాను. లోపల పచ్చగా ఉంది, కానీ నడిమి వలయంలో తుప్పు రంగు చుక్కలున్నాయి. ఆ చుక్కలుంటే కుళ్లు ఇంకా పైకి పాకుతున్నట్టు. కత్తిని మళ్లీ తుడిచి, బిళ్లలు బిళ్లలుగా కోస్తూ, ఒక్క చుక్క కూడా లేని చోట ఆపాను. పై ముక్కను నీడలో నిలబెట్టి, కోసిన చోట గట్టి పొర కట్టేదాకా రెండు వారాల పైనే ఆగి, పొడి గరుకు మిశ్రమం మీద ఉంచాను. వేళ్లు వచ్చాక గానీ నీళ్లు పోయలేదు. ఇప్పుడది బాగుంది. పాత మొక్కల్లో కింది నుంచి చెక్కలా గట్టిగా ఏర్పడే గోధుమ రంగును చూసి మాత్రం కోసేయకండి, అది వయసు వల్ల వచ్చే బెరడు. మెత్తగా ఉంటేనే కుళ్లు.

పురుగుల్లో పిండినల్లి, అంటే ఇందాక చెప్పిన దూదిలాంటి తెల్లటి ముద్ద, ఎక్కువ. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి ఒక్కో ముద్దనూ తాకించండి, ఆరేదాకా ఎండలో పెట్టకండి, వారానికోసారి చొప్పున కొన్నిసార్లు చేయండి. గుడ్లు తర్వాత పొదుగుతాయి. కారణం లేకుండా మొక్క నీరసిస్తే కుండీలోంచి తీసి చూడండి. కుండీ లోపలి గోడకు తెల్లటి పొడిలా అంటి ఉంటే అది వేరు పిండినల్లి. మట్టి మొత్తం పారేసి, వేళ్లు కడిగి, ఆరబెట్టి కొత్త మట్టిలో నాటాలి.

నీడలో పెరిగినదాన్ని ఒక్కసారిగా ఎండలో పెడితే కాలుతుంది. ఆ తెల్లటి మచ్చ జీవితాంతం పోదు. రెండు వారాలపాటు ఉదయపు ఎండతో అలవాటు చేయండి. సన్నగా సాగిన భాగం కూడా మళ్లీ లావెక్కదు, ఆ పైన వచ్చేదే సరిగ్గా వస్తుంది.

పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇల్లైతే ఎంపిక ఇంకొంచెం మారుతుంది. నాగజెముడు పెద్ద ముళ్లకంటే దాని మొటిమల్లో కుచ్చులా ఉండే నూగు ముళ్లు ప్రమాదం, ఊరికే తగిలినా వేళ్లలో దిగిపోతాయి. టేపు అంటించి లాగితే చాలావరకు వస్తాయి. కాక్టస్‌లా కనిపించే యుఫోర్బియాలకు గాయమైతే తెల్లటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే చాలా నష్టం, కోసేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. కలబంద, జేడ్, స్నేక్ ప్లాంట్‌లను కుక్కలు, పిల్లులు నమిలితే వాటికి పడవు. జెడ్‌జెడ్ నమిలితే నోరు మండుతుంది. మీ ఇంట్లో పిల్లి ఉంటే హవర్తియాతోనే మొదలుపెట్టండి, దానివల్ల వాటికి హాని లేదు. మీ కిటికీ ఏ దిక్కున ఉందో, ఎండ ఎన్ని గంటలు పడుతుందో కింద రాస్తే ఇంకా కచ్చితంగా చెబుతాను.