చిన్న చిన్న పొదుపులతో అప్పు తీరుతుందా? మా ఇంట్లో తీరింది, ఎలాగంటే

మీ జీతం ఇరవై రెండు వేలు, చేతి అప్పులు, కార్డు బాకీ కలిపి మూడు లక్షల దాకా ఉంది, రోజువారీ చిన్న పొదుపులతో ఇది తీరుతుందా, తీరాక మళ్ళీ అప్పు జోలికి పోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అని అడిగారు కదా. తీరుతుందండి. మాకు నాలుగు లక్షలు ఉండేది, మావయ్య గుండె ఆపరేషన్, ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆడపడుచు పెళ్ళి, రెండూ ప్రామిసరీ నోట్లు రాసి తెచ్చిన డబ్బుతోనే జరిగాయి, అన్నీ నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీయే. మా ఆయన స్పేర్ పార్ట్స్ షాపులో, నేను ఒక క్లినిక్‌లో అకౌంట్స్, తెనాలి నుంచి గుంటూరు వెళ్ళొస్తుంటా. మూడున్నరేళ్ళు దాటింది గానీ మొత్తం తీర్చేశాం. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే, మిగిల్చిన రూపాయి ఆ రోజే అప్పు వైపు కదలాలి. పర్సులోనో ఫోన్‌పేలోనో ఉండిపోతే సాయంత్రానికి ఇంకో దానికి ఖర్చైపోద్ది, నెలాఖరుకి చూస్తే పొదుపు చేసినట్టూ ఉంటుంది, చేతిలో ఏమీ ఉండదు.

కానీ దానికంటే ముందు ఇంకోటి చూసుకోవాలి, మీ అప్పు చిన్న మొత్తాలు తీసుకునే రకమేనా అని. మా పెద్ద నోటు ఇచ్చినాయన్ని అడిగా, "బాబాయ్ గారూ, నెలనెలా మూడు వేలో ఐదు వేలో అసల్లో ఇస్తాం, నోటు వెనక చెల్లు వేస్తారా" అని, చెల్లు అంటే కట్టిన మొత్తం నోటు వెనక రాయడం. "అసలు అలా ముక్కలు ముక్కలుగా ఇస్తే నేనేం చేసుకుంటానమ్మా, ఇచ్చినప్పుడు మొత్తం ఒకేసారి ఇవ్వు, అప్పటిదాకా వడ్డీ పంపించు" అన్నారు. ఆయన తప్పేం లేదు, ఆయనకి వడ్డీయే ఆదాయం. కానీ అలాంటి అప్పు ఉన్నంతకాలం మీరు కాఫీ మానేసినా ఆటో మానేసినా ఆ డబ్బు వెళ్ళడానికి చోటుండదు. పైగా నోటుకి మూడేళ్ళే గడువు కాబట్టి ఆలోపు తిరగ రాయించుకుంటారు, అప్పుడు కట్టని వడ్డీ ఉంటే అది కూడా అసల్లో కలిసిపోయి కొత్త నోటు పెద్దదై కూర్చుంటుంది. అలా రెండుసార్లు తిరగ రాసిన నోట్లు మా చుట్టాల్లోనే చూశా.

అందుకని ఆ రెండున్నర లక్షల నోటుని బ్యాంకు గోల్డ్ లోన్ పెట్టి తీర్చేశాం. నా గాజులు, అత్తయ్య చంద్రహారం పెట్టాం. అత్తయ్యకి మనసొప్పలేదు, తాకట్టు అంటే పరువు తక్కువ అని ఆవిడ భయం, కానీ కాయితం మీద లెక్క వేసి చూపిస్తే ఆవిడే తీసిచ్చారు. రెండున్నర లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 5,000. బ్యాంకులో ఏడాదికి పది శాతం వేసుకున్నా నెలకి 2,083. ఏ పొదుపూ చెయ్యకుండానే దాదాపు 2,900 తగ్గిందండి. బీరువాలో ఊరికే ఉన్న బంగారానికి ఇంతకంటే మంచి పని నాకైతే తెలీదు. గోల్డ్ లోన్‌లో ఇంకో సుఖం ఏంటంటే మా బ్యాంకులో ఎప్పుడు ఎంత కట్టినా తీసుకుంటారు, ఆ రోజు నుంచే ఆ మేరకు వడ్డీ తగ్గుద్ది. మామూలుగా ఏడాది గడువు ఉంటుంది, ఆ తేదీ మాత్రం మర్చిపోకూడదు, వదిలేస్తే వేలం నోటీసు వస్తది. మిగతా లక్షన్నర నోటు ఇచ్చినాయన మాత్రం పది వేలకి తక్కువ కాకుండా తెస్తే చెల్లు వేస్తానన్నారు, అది మాకు చాలు.

మీ కార్డు సంగతి కూడా ఇలాగే లెక్క వేసుకోండి. కార్డులో 30,000 బాకీ ఉండి మినిమం ఐదు శాతం అంటే 1,500 కడుతున్నారనుకుందాం, నెలకి మూడున్నర శాతం వడ్డీ వేస్తే 1,050, దాని మీద 18 శాతం జీఎస్టీ 189, అంటే కట్టిన 1,500లో 1,239 వాళ్ళకే పోయింది, బాకీ తగ్గింది 261 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి వడ్డీ లేని రోజులు ఉండవు, కొన్న రోజు నుంచే పడుద్ది. అందుకే ముందు ఆ కార్డు తీర్చండి, అది రెండు రూపాయల వడ్డీ కంటే దారుణం. ఎవరైనా డైలీ ఫైనాన్స్ ఇస్తామంటే దాని జోలికే పోవద్దు, పదివేలు అని చెప్పి చేతికి తొమ్మిది వేలిచ్చి రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. వెయ్యేగా అనిపిస్తుంది, కానీ రోజూ అసలు తగ్గుతూ పోతున్న డబ్బు మీద వంద రోజులకే వెయ్యి అంటే ఏడాది లెక్కన ఎనభై శాతం దాకా తేలుద్ది.

ఇంక రోజువారీ సంగతి. నేను ఒక బ్యాంకులో వేరే ఖాతా పెట్టుకున్నా, దానికి ఏటీఎం కార్డు తీసుకోలేదు, ఫోన్‌పేకి లింక్ చెయ్యలేదు, ఇంట్లో అందరం దాన్ని అప్పు ఖాతా అనే పిలుస్తాం. రాత్రి పడుకునేముందు ఆ రోజు దేని మీద ఎంత మిగిలిందో అంత అందులోకి పంపేస్తా, ఇరవై అయినా సరే, అరవై అయినా సరే. పది వేలు కాగానే తీసి నోటు వెనక చెల్లు వేయించాం, ఒక్కో చెల్లుకి నెల వడ్డీ రెండొందలు తగ్గింది. ఆ తగ్గిన రెండొందలు కూడా అదే ఖాతాలోకి. ఇది చాలా ముఖ్యం, మొదట్లో వడ్డీలకే నెలకి ఎనిమిది వేలు పోయేవి కదా, వడ్డీ తగ్గే కొద్దీ మేము కట్టేది తగ్గించలేదు, చివరి నెల దాకా ఆ ఎనిమిది వేలు పక్కన తీసి దాని మీద పొదుపు కలిపాం. జీతంలోంచి ఆ డబ్బు లేకుండా బతకడం ఎలాగూ అలవాటైపోయింది, మళ్ళీ ఎందుకు అలవాటు తప్పించుకోవాలి.

దీనికి బస్సు కంటే మంచి ఉదాహరణ ఉండదు. ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ అయ్యాయి, తెలంగాణలో అయితే 2023 డిసెంబర్ నుంచే ఉంది. నాతోపాటు రోజూ బస్సెక్కేవాళ్ళని చూస్తున్నా, టికెట్ డబ్బులు మిగిలాయి, కానీ ఎక్కడున్నాయి అంటే ఎవరూ చెప్పలేరు, బస్టాండ్‌లో పునుగులకో, ఆన్‌లైన్‌లో నైటీకో పోయాయి. నేను మాత్రం కండక్టర్ జీరో టికెట్ ఇవ్వగానే ఆ టికెట్ ధర ఎంతో అంత అప్పు ఖాతాకి పంపేదాన్ని, ప్రభుత్వం నా అప్పు కడుతోంది అనుకుని. అప్పటికి నోట్లు తీరిపోయాయి, గోల్డ్ లోన్ చివర్లో ఉంది, దాన్ని విడిపించడంలో ఆ టికెట్ డబ్బుల పాత్ర ఉంది, నిజంగా.

వంటింట్లో మేము మానేసింది పెద్దగా ఏం లేదు, ఎప్పుడు కొంటున్నాం అనేది మార్చాం. చింతపండు, ఎండు మిరపకాయలు, పసుపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కొత్త సరుకు వచ్చినప్పుడే ఏడాదికి సరిపడా తీసుకుని ఎండబెట్టి పెట్టుకుంటాం, మా అమ్మవాళ్ళందరూ చేసిందే, మధ్యలో మనమే పావుకిలో ప్యాకెట్లకి అలవాటు పడ్డాం. కూరగాయలు వారానికి రెండుసార్లు రైతు బజార్‌లో, బోర్డు మీద రేటు రాసి ఉంటుంది కాబట్టి బేరం గొడవ లేదు. కిరాణా లిస్టు నెలకోసారే, మధ్యలో అయిపోతే అయిపోయినట్టే, నెలాఖరు నాలుగు రోజులు ఇంట్లో ఉన్నదాంతో పచ్చి పులుసో పెసర కట్టో చేసుకుంటే పిల్లలు ఏం చిక్కిపోరు. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లు మాత్రం ఫోన్లోంచి తీసేశాం, కొత్తిమీర కోసం తెరిస్తే మూడొందలు దాటించకుండా వదలవు అవి.

కరెంటు గురించి ఒక లెక్క చెప్తా, ఏ వస్తువు కొనాలన్నా ఈ లెక్క పనికొస్తుంది. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర. రోజుకి పదిహేను గంటలు తిరిగితే నెలకి ఇరవై యూనిట్లు తేడా, యూనిట్ ఆరు రూపాయలు వేసుకుంటే 120 రూపాయలు. ఫ్యాన్ ఖరీదు 2,800 అనుకుందాం. అదే 2,800 రెండు రూపాయల అప్పుకి చెల్లు వేయిస్తే నెలకి తగ్గేది 56. అంటే హాల్లో రోజంతా తిరిగే ఫ్యాన్ మార్చడం అప్పు కట్టడం కంటే లాభం, రాత్రి మాత్రమే వేసుకునే రూములో మార్చడం అంత తొందరేం కాదు. డబ్బు పెట్టి డబ్బు ఆదా చేసే ఏ వస్తువునైనా, కుక్కర్ కానీ ఇండక్షన్ పొయ్యి కానీ, నెలకి నూటికి రెండు రూపాయల కంటే ఎక్కువ మిగులుస్తుందా అని అడగండి. లేకపోతే అప్పు తీరేదాకా ఆగొచ్చు. మాకు మూడు నెలల వేసవిలో ఈ ఫ్యాన్ల వల్ల బిల్లు 225 యూనిట్లు దాటకుండా ఉంది, దాటితే పై యూనిట్లకి రేటు బాగా పెరుగుద్ది.

అప్పు తీరాక మళ్ళీ పడకుండా ఉండటం గురించి అడిగారు. నాకు అర్థమైంది ఏంటంటే మనలాంటి ఇళ్ళు రోజు ఖర్చుల వల్ల అప్పులో పడవు, ఏడాదికోసారి వచ్చే ఖర్చుల వల్ల పడతాయి. జూన్ వచ్చిందంటే ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు. తర్వాత శ్రావణం పెళ్ళిళ్ళు, దసరా, బండి ఇన్సూరెన్స్. ఇవేవీ హఠాత్తుగా వచ్చేవి కాదు, జూన్ ప్రతి ఏడాదీ వస్తది. కిందటేడు వీటన్నింటికీ ఎంతైందో రాసుకుని పన్నెండుతో భాగించి ఆ మొత్తం జీతం పడ్డ రోజే అప్పు ఖాతాకి పంపిస్తున్నా, ఖాతా పేరు అప్పు ఖాతాయే గానీ ఇప్పుడు అందులో ఫీజు డబ్బులుంటాయి. చదివింపులకి కూడా ఒక పుస్తకం ఉంది, మాకు ఎవరెంత చదివించారో ఆడపడుచు పెళ్ళి పుస్తకంలో చూసి అంతే, పక్కింటివాళ్ళు ఎంత పెట్టారో చూసి కాదు. దీంతోపాటు పోస్టాఫీసులో ఐదేళ్ళ ఆర్‌డీ ఒకటి, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, నెలకి వంద నుంచే కట్టొచ్చు, ఏజెంట్ అక్క ఇంటికొచ్చి తీసుకెళ్తారు. చీటీ వెయ్యాలనిపిస్తే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయినదాంట్లోనే వెయ్యండి, తెలిసినావిడే కదా అని వీధి చీటీలో వేసి మునిగిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి.

ఒక్కచోట మాత్రం పొదుపు చెయ్యకండి, ఆరోగ్యం. మా అప్పు మొదలైందే ఆసుపత్రిలో. బీపీ, షుగర్ మందులు జన ఔషధి షాపులో జెనెరిక్ తీసుకోండి, చాలా తగ్గుద్ది, కానీ డబ్బులు మిగల్చాలని మాత్ర మానేయడం, ఇన్సూరెన్స్ ప్రీమియం ఎగ్గొట్టడం మాత్రం వద్దు. ప్రభుత్వ వైద్య సేవ కార్డుకి మీరు అర్హులైతే అందులో అమ్మానాన్నల పేర్లు ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి, అవసరం వచ్చిన రాత్రి చూసుకుంటే కుదరదు.

ఇరవై రెండు వేలలో మీకు ఎంత మిగులుద్దో నాకు తెలీదు, మాది రెండు జీతాల ఇల్లు కాబట్టి మీకు ఇంకొంచెం ఎక్కువ టైం పట్టొచ్చు. ముందు చేతి అప్పు ఇచ్చినవాళ్ళని చెల్లు వేస్తారా అని అడగండి, వద్దంటే ఇంట్లో బంగారం ఎంత ఉందో చూడండి, కార్డుని వాడకుండా పక్కన పెట్టి తీర్చడం మొదలెట్టండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ చెల్లు మీ కళ్ళముందే తేదీతో సహా రాయించి సంతకం పెట్టించండి, ఫోన్లో ఫోటో తీసుకోండి. మొత్తం తీరిన రోజు అసలు నోటు చేతికి తీసుకోకుండా ఇంటికి రాకండి, తర్వాత వెతికిస్తామంటే ఒప్పుకోవద్దు. కార్డుకి బ్యాంకు నుంచి బాకీ లేదని నో డ్యూ లెటర్ తీసుకుని, రెండు నెలలు ఆగి మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రిపోర్ట్ చూడండి, ఏడాదికోసారి ఫ్రీగా ఇస్తారు, అందులో సెటిల్డ్ అని కాకుండా క్లోజ్డ్ అని పడిందో లేదో చూసుకోండి. కార్డు వాళ్ళు కొంత మాఫీ చేస్తామంటే ఆశపడి ఒప్పుకుంటే సెటిల్డ్ అని పడుద్ది, రేపు ఇంటి లోన్‌కి వెళ్ళినప్పుడు అది అడ్డొస్తది.