డాక్టర్ సలహా: పేనుకొరుకుడుకి ఇమ్యూనిటీ పొడులెందుకమ్మా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కూకట్‌పల్లిలో హాస్టల్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. ఏడాదిన్నర క్రితం తల వెనక రూపాయి బిళ్లంత జుట్టు ఊడింది, ఇప్పుడు సగం పైనే పోయింది. కనుబొమలు కూడా పలచబడ్డాయి. థైరాయిడ్ మాత్ర వాడుతున్నా. ఇమ్యూనిటీ తక్కువని అందరూ అంటే ఆర్నెల్లుగా తిప్పతీగ పొడి తాగుతున్నా. స్కిన్ డాక్టరేమో టోఫాసిటినిబ్ రాశారు, అది ఇమ్యూనిటీని తగ్గిస్తుందట. ఉన్నదే తక్కువైతే ఇంకా తగ్గిస్తారా? నా చిన్నప్పుడు నాన్నకు టీబీ వచ్చింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

జవాబు: మీ ఇమ్యూనిటీ తగ్గలేదమ్మా, దారి తప్పింది. అందుకే ముందు ఆ తిప్పతీగ పొడి ఆపేయండి. కోవిడ్ టైంలో అది ఇష్టమొచ్చినట్టు తాగి లివర్ దెబ్బతిన్నవాళ్ల కేసులు మన దేశంలోనే డాక్టర్లు రిపోర్టు చేశారు, అందులో మీలా థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ (ఒంటి ఇమ్యూనిటీ ఒంటినే దెబ్బతీసే) సమస్య ఉన్నవాళ్లూ ఉన్నారు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది అలోపేషియా ఏరియేటా, మనం పేనుకొరుకుడు అనేదే. పేరులో పేను ఉంది గానీ దానికి ఏ పురుగుతోనూ సంబంధం లేదు, హైదరాబాద్ బోరు నీళ్లతోనూ లేదు. (నా దగ్గరికొచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది మొదట నీళ్లనే తిడతారు.) మామూలుగా జుట్టు కుదుళ్లు రోగనిరోధక కణాల కంట పడకుండా ఒక చాటున ఉంటాయి. ఆ చాటు పోయినప్పుడు ఆ కణాల్లో టీ కణాలు అనే రకం కుదురును శత్రువనుకుని చుట్టుముడతాయి, ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి రసాయనాలు వదిలి ఆ గొడవకు ఇంకొన్ని కణాలను పిలుస్తాయి. తమాషా ఏంటంటే, చాలామందిలో నల్ల వెంట్రుకలు రాలిపోయి తెల్లవి మిగులుతాయి. కుదురు మాత్రం చావదు, అందుకే జుట్టు మళ్లీ రావడానికి అవకాశం ఉంటుంది. గురివింద గింజ అరగదీసి రాయమని ఎవరైనా చెబితే వినకండి, దానిలో అబ్రిన్ అనే విషం ఉంది, గీరుకున్న చర్మం మీద అసలే వద్దు.

ఒకటి రెండు మచ్చలే ఉంటే ఏడాదిలోపు వాటంతటవే మానేవాళ్లు చాలామంది, లేదంటే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మచ్చలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తాం. సగం తల పోయాక అన్ని పోట్లు ఎక్కడ పొడుస్తాం? అందుకే మీ డాక్టరు టోఫాసిటినిబ్ అనే జాక్ ఇన్హిబిటర్ రాశారు. టీ కణాలకు అందే సంకేతం కణం లోపలికి వెళ్లే తలుపు దగ్గర జాక్ అనే ఎంజైములుంటాయి, ఈ మాత్ర వాటిని అడ్డుకుంటుంది. ఈ జాతిలో బారిసిటినిబ్‌కు 2022లో, రిట్లెసిటినిబ్‌కు 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జబ్బుకే అనుమతి ఇచ్చింది. టోఫాసిటినిబ్ అసలు కీళ్లవాతం మందు, జుట్టుకు డాక్టర్లు తమ అనుభవంతో వాడుతున్నారు, అది తప్పేం కాదు. మరీ ఆశ పెట్టుకోకండి: బారిసిటినిబ్ 4 మి.గ్రా. మీద జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో 36 వారాలకు నూటికి 36 నుంచి 39 మందికే తలలో 80 శాతం జుట్టు నిండింది. అంటే మూడు నెలలకే 'పనిచేయట్లేదు' అని మానేస్తే డబ్బులు దండగ. పనిచేసినవాళ్లలోనూ ఆపగానే మళ్లీ రాలడం మామూలే.

ఇక మీ భయం. ఈ మాత్ర ఇమ్యూనిటీని తగ్గిస్తుందన్న మాట నిజమే, మనకు కావాల్సిందీ అదే, కానీ జుట్టు దగ్గరే తగ్గించి మిగతా ఒంట్లో వదిలేయడం దానికి తెలీదు. అక్కి లేవడం, కొలెస్ట్రాల్ పెరగడం, లోపల నిద్రపోతున్న టీబీ లేవడం, ఇవి జరగొచ్చు. మీరు చివర్లో మామూలుగా రాసేసిన నాన్నగారి టీబీ ముక్కే నాకు అన్నిటికన్నా ముఖ్యం. అది మీ డాక్టరుకు చెప్పారా? చెప్పకపోతే మాత్ర మొదలెట్టకండి. టీబీ గోల్డ్ రక్తపరీక్ష గానీ మాంటూ చర్మపరీక్ష గానీ, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి, సి, లివర్, కొలెస్ట్రాల్, బ్లడ్ కౌంట్ చేయించాకే. టీబీ నిద్రావస్థలో ఉన్నట్టు తేలితే ముందు దానికి నివారణ మందు మొదలుపెట్టి, కనీసం నెల గడిచాక ఈ మాత్ర వేస్తాం. ఈ జాతి మందుల మీద ఉన్న గుండెపోటు, రక్తం గడ్డల హెచ్చరిక ముఖ్యంగా 50 దాటిన, గుండెజబ్బు ముప్పు ఉన్న కీళ్లవాతం రోగుల్లో చూసి పెట్టింది, మీ వయసుకు ముప్పు తక్కువే, అయితే సిగరెట్ గానీ గర్భనిరోధక మాత్రలు గానీ వాడుతుంటే దాచకండి. వర్షాకాలంలో జ్వరమొస్తే డోలో వేసుకుని సరిపెట్టుకోకుండా ఆ రోజే ఫోన్ చేసి మాత్ర ఆపాలో వద్దో అడగండి.

సంబంధాల సంగతి: ఈ జబ్బు అంటుకోదు, పిల్లలు పుట్టడానికి అడ్డం కాదు, కానీ ఈ మాత్ర మీద ఉండగా గర్భం రాకూడదు, ప్లాన్ చేసుకునే ముందే ఆపాలి. ఈలోపు మంచి విగ్గు పెట్టుకుని ఆఫీసుకెళ్లడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు, అబ్బాయి వాళ్లకి ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం, నేనైతే ముహూర్తం పెట్టకముందే చెప్పమంటాను.