ఉపరితల ఆవర్తనం ఎంత ఎత్తున ఉంటుంది?

ప్రశ్న: 'పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో సముద్రమట్టానికి 3.1 కిలోమీటర్ల నుంచి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు ఉపరితల ఆవర్తనం కొనసాగుతోంది' అని వాతావరణ వార్తల్లో తరచుగా చదువుతున్నాం. ఉపరితలం అంటే నేలకో నీటికో పైభాగం కదా, అంత ఎత్తున ఉన్నదానికి ఆ మాట తగునా? అల్పపీడనం, వాయుగుండం, తుపాను అనేవి ఒకే అర్థం గల మాటలా? తుపాను 'తీరం దాటింది' అన్నప్పుడు అది ఎటు నుంచి ఎటు దాటినట్లు?

సమాధానం: మీ మొదటి సందేహం చాలా సబబైనది. 'ఉపరి' అంటే పైన, 'తలం' అంటే చదునైన చోటు. ఈ రెంటినీ కలిపి 'పైనున్న తలం' అని విడదీసుకుంటే, నేలకు ఎత్తున ఉన్న గాలిపొరను ఉపరితలం అనడంలో వ్యాకరణపరంగా దోషమేమీ కనిపించదు. ఈ పదబంధాన్ని మొదట కూర్చినవారి మనసులో ఉన్న అర్థం బహుశా అదే కావచ్చు. అయితే మాట అర్థాన్ని నిర్ణయించేది విగ్రహవాక్యం ఒక్కటే కాదు, జనం దాన్ని ఎక్కడెక్కడ వాడుతున్నారన్నది కూడా. చెరువులు, నదుల నీటిని ఉపరితల జలాలు అంటున్నాం, నేల లోపలివి భూగర్భ జలాలు. ఒకప్పుడు కేంద్ర ప్రభుత్వంలో ఉపరితల రవాణా శాఖ ఉండేది; రోడ్లు, ఓడరేవులు దాని కింద ఉండేవి, విమానాలు మాత్రం ఉండేవి కావు. అంటే ఆ పేరులోని ఉపరితలం ఆకాశాన్ని మినహాయించి చెప్పిన మాట.

చిక్కు ఇంకా స్పష్టంగా కనబడేది వాతావరణ వార్తలోనే. తుపాను పుట్టి బలపడాలంటే సముద్రపు నీరు బాగా వేడెక్కి ఉండాలి. ఆ వేడి 26.5 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉండాలన్నది శాస్త్రజ్ఞులు సాధారణంగా చెప్పే లెక్క. దీన్ని తెలుగులో 'సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత' అంటున్నాం. అదే వార్తలో రెండు వాక్యాల తర్వాత 'ఉపరితల ఆవర్తనం' వస్తుంది. మొదటి ఉపరితలం అలల మీది నీటిపొర, రెండోది ఆ అలలకు మూడు నుంచి ఆరు కిలోమీటర్ల పైన తిరిగే గాలి. ఒకే పేరాలో ఒకే మాట కిందా మీదా రెండు చోట్లను సూచిస్తే చదువరి దేన్ని పట్టుకోవాలి? వాతావరణ శాఖ ఇంగ్లిషు బులెటిన్లో ఉన్నది ఎగువ గాలుల్లోని సుడి అని అర్థమిచ్చే మాట. 'ఎగువ'ను 'ఉపరి' చేయడం వరకు బాగానే ఉంది, దానికి 'తలం' చేర్చేసరికే అర్థం నేల మీదికి దిగిపోయింది.

ఆ అంకెల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1.5, 3.1, 5.8 కిలోమీటర్లు అనే ఎత్తులే వార్తల్లో మళ్లీ మళ్లీ కనిపించడం యాదృచ్ఛికం కాదు. గాలి పీడనం 850, 700, 500 హెక్టోపాస్కళ్లు ఉండే పొరలు మన ప్రాంతంలో ఇంచుమించు ఆ ఎత్తుల్లో ఉంటాయి. వాతావరణ కేంద్రాలు బెలూన్లకు పరికరాలు కట్టి పైకి వదిలి, ఆ పొరల్లో గాలి ఏ దిక్కు నుంచి ఎంత వేగంతో వీస్తున్నదో తెలుసుకుంటాయి. 'ఎత్తుకు వెళ్లేకొద్దీ నైరుతి దిశగా వంగి ఉంది' అనే వాక్యం కూడా అందువల్లనే వస్తుంది. సుడి నిట్టనిలువు స్తంభంలా కాక, పైకి పోయేకొద్దీ ఒక పక్కకు ఒరిగి ఉందని దాని భావం. ఈ కొలతలన్నీ పైనున్న గాలివేనని తెలిసినప్పుడు 'ఉపరితల' అనే విశేషణం మరీ ఎబ్బెట్టుగా తోస్తుంది.

'ఆవర్తనం' విషయంలో మాత్రం నాకు అభ్యంతరం లేదు. ఆవర్తన పట్టిక చదువుకున్న విద్యార్థులు దాన్ని 'మళ్లీ మళ్లీ రావడం'గా తీసుకునే అవకాశం ఉంది గానీ, మూలార్థం తిరగడమే. నీటి సుడికి ఆవర్తమనే పేరుంది. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు పూర్తయి మళ్లీ ఎత్తుగడకు వచ్చేదాన్ని సంగీతజ్ఞులు ఒక ఆవర్తనం అంటారు. ఉత్తరార్ధగోళంలో అల్పపీడన కేంద్రం చుట్టూ గాలి అపసవ్య దిశలో తిరుగుతుంది కనుక ఆ మాట ఇక్కడ చక్కగా అతుకుతుంది. ఇక విశేషణం మాటకొస్తే, 'ఎగువ' అందామా అంటే మనకు అది నదికి పైభాగం కూడా. 'ఎగువ నుంచి వరద వస్తోంది' అనే వార్త పక్కనే ఇదీ ఉంటే మరో తికమక పుడుతుంది. అందువల్ల 'పైగాలుల ఆవర్తనం' అనడం మేలని నా అభిప్రాయం. పాతుకుపోయిన వాడుకను ఒక్కరోజులో మార్చలేం. అంతవరకు 'ఉపరితల ఆవర్తనం' అని రాసేవారు పక్కన ఎత్తు తప్పకుండా ఇవ్వాలి. ఎత్తు ఇవ్వకుండా ఆ మాట ఒక్కటే వేస్తే చదువరిని పక్కదారి పట్టించినట్లే.

రెండో సందేహానికి జవాబు: అవి పర్యాయపదాలు కావు, ఒకే నిచ్చెనకు మెట్లు. ఉత్తర హిందూ మహాసముద్రానికి, అంటే బంగాళాఖాతానికీ అరేబియా సముద్రానికీ భారత వాతావరణ శాఖ పాటించే వర్గీకరణలో, కేంద్రం చుట్టూ నిలకడగా వీచే గాలి గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం, 31 నుంచి 49 వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను. పేరు పెట్టేది కూడా ఈ మెట్టు మీదనే. 89కి చేరితే తీవ్ర తుపాను; ఆపైన మరికొన్ని మెట్లున్నాయి, 222కు చేరినదాన్ని పెను తుపాను అంటున్నాం. 1999 అక్టోబరులో ఒడిశాను తాకినది ఆ చివరి మెట్టుది. కాబట్టి ఒకే వార్తకు శీర్షికలో 'తుపాను' అని పెట్టి లోపల 'వాయుగుండం' అని రాయడం పొరపాటు.

వీటిలో నాకు మిక్కిలి ఇష్టమైన మాట వాయుగుండం. అల్పపీడనంలోని పీడనం పాఠ్యపుస్తకం నుంచి వచ్చింది. సామాన్యుడికి పీడన అంటే బాధే. వాయుగుండం అలా కాదు. సుడిగుండం తెలిసిన ప్రతివాడికీ, కృష్ణలోనో గోదావరిలోనో నీరు గుండ్రంగా తిరుగుతూ లోపలికి లాక్కోవడం చూసిన ప్రతివాడికీ ఆ మాట వినగానే గాలి రూపం కట్టి కళ్ల ముందు నిలుస్తుంది.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఈ నిచ్చెన కొలిచేది గాలిని, వానను కాదు. 'తుపాను బలహీనపడి వాయుగుండంగా మారింది' అని చదివి వాన తగ్గుతుందని స్థిమితపడేవారు ఎందరో ఉన్నారు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటినది తీవ్ర వాయుగుండమే, దానికి పేరైనా లేదు. ఆ రాత్రి హైదరాబాదులో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. 2024లో విజయవాడను బుడమేరు ముంచిన రోజుల్లో కళింగపట్నం దగ్గర తీరం దాటినది కూడా వాయుగుండమే.

తుపాను, తుఫాను రెండూ సాధువులే. మాట అరబ్బీది, పారశీకం, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. మూలంలోని ధ్వనికి 'ఫ' దగ్గర, మన నోటికి 'ప' దగ్గర. ఒక రచనలో ఒకటే వాడితే చాలు.

మూడో సందేహం నన్ను చాలాకాలంగా కలవరపెడుతున్నది. ఒకసారి తీరగ్రామంలో తుపాను రాత్రి బడిలో తలదాచుకున్నవారి మధ్య ఉన్నాను. రేడియోలో 'తుపాను తీరం దాటింది' అని వినబడగానే ఒక ముసలమ్మ దుప్పటి మడిచి, గిన్నెల మూట చంకనెత్తుకుని, 'దాటిపోయింది నాయనా, ఇంటికి పోదాం' అని లేచింది. ఆమె తెలుగు తప్పు కాదు. గండం దాటింది, ఏరు దాటాం అన్నప్పుడు దాటడమంటే ఆపద వెనకబడటమే. గట్టెక్కాం, ఒడ్డున పడ్డాం అన్నా అంతే. ఒడ్డు గురించి మనకున్న నుడికారమంతా పడవలో కూర్చున్నవాడి చూపు నుంచి పుట్టింది. అతడికి నేల చేరడమే క్షేమం. తుపాను వార్తలో మాత్రం నేల మీద ఉన్నవాడిదే ఆపద. అక్కడ తీరం దాటడమంటే సుడి కేంద్రం సముద్రం మీది నుంచి నేల మీదికి రావడం, అంటే గాలి విరుచుకుపడే ఘడియ. తుపాను కదిలే దిశలో చూస్తే, కేంద్రం దాటే చోటుకు కుడివైపున సముద్రం ఉప్పెనగా లోపలికి చొచ్చుకొచ్చేదీ ఇంచుమించు అప్పుడే. 1977 నవంబరు 19న దివిసీమ చవిచూసినది అదే.

పైగా ఇది గీత దాటినంత సేపట్లో అయ్యే పని కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర మధ్యాహ్నం 12.30 నుంచి 2.30 మధ్య తీరం దాటిందని వాతావరణ శాఖ ప్రకటించింది. బలమైన తుపాను కన్ను, అంటే సుడి నడిమి భాగం, సరిగ్గా మీదుగా పోయే ఊళ్లలో మధ్యలో గాలి ఆగి, ఆకాశం తెరిపి ఇచ్చినట్లుంటుంది. ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ వీస్తుంది. 2014లో హుద్‌హుద్ నాడు విశాఖవాసులు దీన్ని స్వయంగా అనుభవించారు. అందుచేత 'తీరం దాటింది' అనే మాట బులెటిన్ల వరకు ఉంటే ఉండనివ్వండి. ఊళ్లో మైకు పట్టుకునేవారు మాత్రం ఇలా చెప్పాలని నా కోరిక: 'తుపాను ఇప్పుడు సముద్రం మీది నుంచి మన నేల మీదికి వస్తోంది. మధ్యలో గాలి ఆగినా ఎవరూ బయటికి రావద్దు, అవతలి వైపు నుంచి మళ్లీ కొడుతుంది.'